నాలుగో శ్వాస దగ్గర...

ఉదయం ఆరు దాటింది. దుర్గం చెరువు మీద మంచు ఇంకా పూర్తిగా విడలేదు. తీగల వంతెనకు రాత్రంతా వెలిగిన రంగు దీపాలు ఆరిపోయాయి. నైట్‌షిఫ్టు దిగినవాళ్లను ఇళ్లకు చేర్చే క్యాబులు అటు, పొద్దున డ్యూటీ వాళ్లను తెచ్చే క్యాబులు ఇటు. చెరువు గట్టున సిమెంటు బెంచీ మీద ఓ అమ్మాయి కళ్లు మూసుకుని కూర్చుంది. కాళ్లకు వాకింగ్ షూస్, ఒళ్లో ఫోను.

ఆమె లోపల ఏం జరుగుతోందో ఊహించడం కష్టమేం కాదు. ధ్యానం మొదలుపెట్టిన ఎవరికైనా జరిగేదే. ఒకటి... గాలి లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది. రెండు... బాగానే ఉంది. మూడు... ఫర్వాలేదే, వచ్చేస్తోంది! నాలుగు... ఇవాళ రిలీజ్ ఉంది కదా, ఆ టెస్టింగ్ వాళ్లు రాత్రి మెయిల్‌కు జవాబిచ్చారో లేదో. ఇచ్చి ఉంటే మేనేజరు ఈపాటికి చూసే ఉంటాడు. చూస్తే ఫోన్ చేసేవాడే. ఫోన్ సైలెంట్‌లో పెట్టలేదు కదా?

కళ్లు తెరుచుకున్నాయి. చేతివేలు ఫోను మీదికి వెళ్లింది. కూర్చుని రెండు నిమిషాలైంది, అంతే.

‘నావల్ల కాదు’ అనుకుని లేచి నడుచుకుంటూ వెళ్లిపోయేవాళ్లు ఈ ఐటీ దారిలో ఎందరో. ధ్యానం మొదలుపెట్టడం ఇక్కడ పెద్ద విషయం కాదు. ఏ కొత్త సంవత్సరం పూటో, ఏ డాక్టరు బీపీ చూసి కనుబొమలు ఎగరేసినప్పుడో, ఎవరో ఒకరు మొదలుపెడుతూనే ఉంటారు. మూడో వారానికి ఆ కుర్చీ ఖాళీ. ఎందుకు?

రాళ్ల మధ్య రాత్రి లేని ఊరు

ఈ ప్రాంతాన్ని కాస్త వెనక్కి వెళ్లి చూస్తే గానీ ఆ ప్రశ్నకు సగం జవాబు దొరకదు.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి మాదాపూర్ చుట్టూ ఉన్నది రాళ్లూ, తుమ్మచెట్లే. అంతకు ఆరేళ్ల ముందు, 1992లో వచ్చిన శిల్పారామానికి సెలవు రోజుల్లో పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు, ఊరు దాటి వెళ్తున్నట్టే వెళ్లేవాళ్లు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు కనిపించే ఆ గ్రానైటు బండల వయసు 250 కోట్ల సంవత్సరాలంటారు భూగర్భ శాస్త్రవేత్తలు. వాటి నడుమ ఎవరికీ కనబడకుండా దాక్కున్న దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చింది. దానికి ‘రహస్య చెరువు’ అని ఇంకో పేరు. ఇప్పుడు దాని నెత్తిమీదుగానే వంతెన. 2020 సెప్టెంబరులో అది తెరిచాక చెరువుకు రహస్యమన్నదే లేకుండా పోయింది.

రాళ్లు పోయి అద్దాల మేడలు వచ్చాయి. వాటితోపాటే ఇంకో దేశపు గడియారం కూడా వచ్చింది. వేసవిలో కాలిఫోర్నియాలో ఉదయం తొమ్మిదైతే హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదిన్నర. చలికాలం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటే ఇక్కడ పదిన్నర. అక్కడ ఆఫీసు తలుపులు తెరిచే వేళకు కొండాపూర్‌లో ఓ నాన్న పిల్లకు చెబుతున్న కథ మధ్యలో ఆపి హెడ్‌ఫోన్ తగిలించుకుంటాడు. కాల్ అయ్యేసరికి పదకొండు. ఒళ్లు మంచం మీద వాలుతుంది. బుర్ర మాత్రం ఇంకా మీటింగులోనే ఉంటుంది.

ఇలాంటి బుర్రను తెల్లారి లేపి, ‘కదలకుండా కూర్చో’ అంటే వింటుందా?

మనసు తిరగడం తప్పు కాదు

ధ్యానం అంటే ఆలోచనలు ఆగిపోవడం అనుకుంటారు చాలామంది. సినిమాల్లో మునుల చుట్టూ పుట్టలు లేవడం చూసి పెరిగినవాళ్లం కదా! కళ్లు మూయగానే లోపల నిశ్శబ్దం పరుచుకోవాలి, పరుచుకోకపోతే మనలో ఏదో లోపం ఉన్నట్టే అని లెక్క. మొదటి వారంలోనే ఎక్కువమందిని లేపేసేది ఈ లెక్కే.

మనసు ఊరికే ఉండదన్నది ఇవాళ కనిపెట్టిన సంగతి కాదు. గాలిని మూట కట్టడం ఎంత కష్టమో మనసును నిలపడం అంత కష్టమని గీత ఆరో అధ్యాయంలో అర్జునుడే మొరపెట్టుకున్నాడు. అంతటి విలుకాడు! కృష్ణుడు కాదనలేదు. కష్టమేనని ఒప్పుకుని, అభ్యాసంతోనూ వైరాగ్యంతోనూ అవుతుందన్నాడు. ఈ కాలం వాళ్లు దాన్నే లెక్కపెట్టి చూశారు. 2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు 2,250 మందికి ఫోన్లలో రోజులో ఎప్పుడంటే అప్పుడు ఓ ప్రశ్న పంపారు: ‘ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు దాని మీదే ఉందా?’ అని. దాదాపు 47 శాతం జవాబుల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. మెలకువగా ఉన్న సమయంలో సగం అన్నమాట. కాబట్టి నాలుగో శ్వాస దగ్గర రిలీజు గుర్తొచ్చిందంటే బుర్ర మామూలుగానే పనిచేస్తోందని అర్థం.

మరి ధ్యానం ఎక్కడుంది? రిలీజు గురించి ఆలోచిస్తున్నానని తెలిసిన ఆ క్షణంలో ఉంది. తెలిశాక, తిట్టుకోకుండా, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడంలో ఉంది. అయిదు నిమిషాల్లో ముప్ఫైసార్లు తప్పిపోయి ముప్ఫైసార్లు తిరిగొస్తే, ఆ మనిషి ముప్ఫైసార్లు ధ్యానం చేసినట్టే. జిమ్‌లో డంబెల్ కిందికి దిగిన ప్రతిసారీ ‘ఓడిపోయా’ అనుకునేవాళ్లుంటారా?

టెక్ పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ మనిషిని చూడండి. కర్రకు బిగించిన అద్దాన్ని బండి కింద పెట్టి చూస్తాడు. బండి ఎలాంటిదైనా అదే చూపు. గేటెత్తుతాడు, పంపిస్తాడు. ఏ బండితోనూ గొడవ పడడు, ఏ బండీ ఎక్కి వెళ్లిపోడు. ఆలోచనలు వచ్చినప్పుడు చేయాల్సిందీ అంతే. ‘ఇది ఆఫీసు సంగతి’, ‘ఇది ఈఎంఐ’, ‘ఇది నిన్నటి గొడవ’... చూడటం, పంపించడం. కొన్నిసార్లు బండెక్కి గచ్చిబౌలి దాకా వెళ్లిపోయాక గానీ మెలకువ రాదు. వచ్చాక గేటు దగ్గరికి తిరిగి నడవడమే.

ఇక్కడివాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. ఈ దారిలో కొలవని పనంటూ లేదు. గంటలు, టికెట్లు, టార్గెట్లు, ఏడాదికోసారి అప్రైజల్. చివరికి నడకకూ అడుగుల లెక్కే. ధ్యానానికీ ఫోన్‌లో యాప్ పెట్టుకుంటారు. వరుసగా ఇన్నిరోజులు చేశారని అది అభినందిస్తుంది, ఒక్కరోజు తప్పితే మళ్లీ సున్నా చూపిస్తుంది. పదో రోజున ‘నేను ఎంత ప్రోగ్రెస్ అయ్యాను?’ అన్న ప్రశ్న వచ్చి పక్కన కూర్చుంటుంది. కళ్లు మూసుకుని తనకు తానే మార్కులు వేసుకునేవాడికి శ్వాస మీద ధ్యాస ఎలా నిలుస్తుంది? ఈ అప్రైజల్ జబ్బు ముందు కాళ్ల నొప్పులు, నిద్ర ఇవన్నీ చిన్న విషయాలే.

కాళ్లు, కునుకు, దురద

చిన్నవే అయినా, అవి కూడా చూద్దాం. మనిషిని లేపేయడానికి ఒక్క మోకాలు చాలు మరి.

పొద్దున్నుంచి రాత్రిదాకా కుర్చీలో ఉండేవాళ్లు ఒక్కసారిగా పద్మాసనం వేయబోతారు. పదో నిమిషానికి కాలు మొద్దుబారుతుంది. ఒకేచోట ఒత్తుకోవడంతో నరాలు సంకేతాలు పంపడం తగ్గిస్తాయి. కాలు చాపితే చీమలు పాకినట్టు తిమ్మిరి తిరిగి, తర్వాత సర్దుకుంటుంది. అది ఫర్వాలేదు. మోకాలి కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం పంతానికి పోకూడదు, వెంటనే మార్చేయాలి. నేల మీదే కూర్చోవాలనుకుంటే దుప్పటి మడతపెట్టి పిరుదుల కింద వేసుకుంటే నడుము దానంతటదే నిలబడుతుంది. లేదంటే కుర్చీ ఉండనే ఉంది. వెనక్కి జారగిలబడకుండా కాస్త ముందుకు జరిగి, రెండు పాదాలూ నేలకు ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకుంటే సరిపోతుంది. పదిరోజుల కఠిన నియమాలుండే విపశ్యన శిబిరాల్లో కూడా నేల మీద కూర్చోలేనివాళ్లకు కుర్చీ వేస్తారు. ఇంట్లో మనకెందుకు అంత పట్టుదల?

ఇక నిద్ర. కళ్లు మూయగానే తల ముందుకు వాలిపోతోందంటే అందులో ఆధ్యాత్మిక రహస్యమేమీ లేదు. నిద్ర బాకీ పడిందంతే. రాత్రి పన్నెండు దాటాక పడుకుని అయిదింటికి లేచి ధ్యానం చేయడం కంటే ఆ గంట పడుకోవడమే మేలు. బాకీ తీరాక కూడా కునుకు వస్తుంటే కళ్లు సగం తెరిచి ముందున్న నేలను చూడొచ్చు, మొహం కడుక్కుని రావచ్చు, లేదా లేచి నడుస్తూ అడుగుల మీద దృష్టి పెట్టొచ్చు. మధ్యాహ్నం బిర్యానీ తిన్నాక ప్రయత్నించి ‘నాకు ధ్యానం పడదు’ అని తేల్చేసేవాళ్లూ ఉన్నారు. తప్పు ధ్యానానిది కాదు కదా!

చాలామంది బయటికి చెప్పని ఇబ్బంది ఒకటుంది. శ్వాసను చూడటం మొదలుపెట్టగానే ఊపిరి బిగబట్టినట్టవుతుంది. అప్పటిదాకా తనంతట తాను నడుస్తున్నదాన్ని మనం నడిపించబోతాం. నిమిషానికి పన్నెండు నుంచి ఇరవైసార్లు ఎవరి అజమాయిషీ లేకుండా సాగే పని అది. పైనుంచి చూసే మేనేజరు రాగానే బిగుసుకుపోతుంది! అప్పుడు ముక్కు దగ్గరి గాలిని వదిలేసి పొట్ట పైకీ కిందికీ కదలడాన్ని గమనించవచ్చు. అదీ కుదరకపోతే నేలకు ఆనిన పాదాలను, చుట్టూ వినిపించే చప్పుళ్లను పట్టుకున్నా చాలు. శ్వాస దాని దారిన అది వెళ్తుంది.

దురద, విసుగు, ఇంకెంతసేపు అన్న ఆత్రం... ఇవి అందరికీ ఉంటాయి. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ఓ చిత్రమైన ప్రయోగం వివరాలు ప్రచురించారు. మనుషులను ఖాళీ గదిలో పావుగంట ఒంటరిగా, ఏ వస్తువూ లేకుండా కూర్చోబెట్టారు. కావాలంటే మీట నొక్కి తమకు తామే చిన్న కరెంటు షాకు ఇచ్చుకోవచ్చు. ఆ షాకు తగలకుండా ఉండటానికి డబ్బులైనా ఇస్తామని వాళ్లు అంతకుముందే చెప్పారు. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు కనీసం ఒక్కసారైనా మీట నొక్కారు. ఒకాయనైతే ఏకంగా 190 సార్లు! తమతో తాము పావుగంట కూర్చోవడం కంటే అదే నయమనిపించిందన్నమాట. అందుకే మొదట అయిదు నిమిషాలు చాలు. పావుగంట గురించి తర్వాత చూసుకోవచ్చు.

బాపట్ల నుంచి వచ్చిన అమ్మ

ఎక్కడ కూర్చోవాలన్నది కూడా చిక్కే. రెండు పడగ్గదుల ఫ్లాటు, పక్క ఫ్లాటులో డ్రిల్లింగు మిషను, వంటింట్లో కుక్కరు కూతలు. ఇలాంటి ఇళ్లలో ఒకదాంట్లోకి బాపట్ల నుంచి అమ్మ వచ్చిందనుకుందాం. కూతురు బాల్కనీ తలుపు వేసుకుని కూర్చుంటుంది. అయిదు నిమిషాలకు తలుపు తెరుచుకుంటుంది.

“ఏమిటే అది? కాఫీ చల్లారిపోతోంది.”

“అమ్మా, ధ్యానం చేసుకుంటున్నా. కాసేపు పిలవకు.”

“కళ్లు మూసుకుంటే అయిపోతుందా? చెయ్యి ఫోను మీదే ఉందిగా!”

కూతురికి కోపం వస్తుంది. అమ్మ మాట నిజం కాబట్టి ఇంకాస్త ఎక్కువ వస్తుంది. ఆ పొద్దున ఇద్దరూ మాట్లాడుకోరు. సాయంత్రం అమ్మ తులసిమాల పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటే కూతురు మొదటిసారి గమనిస్తుంది. పెదవులు కదులుతున్నాయి, పూసలు జరుగుతున్నాయి. మధ్యలో వీధిలోకి చూస్తోంది, కూరలబండి కేక వింటోంది, మళ్లీ పూస దగ్గరికి వస్తోంది. ముప్ఫై ఏళ్లుగా ఇంట్లోనే ఉంది ఈ విద్య. దానికి ఎవరూ ఆ పేరు పెట్టలేదంతే.

“మధ్యలో మనసు ఎటో పోతే ఏం చేస్తావమ్మా?”

“పోకేం చేస్తుంది? పూస చేతిలో ఉంటుందిగా, మళ్లీ పట్టుకుంటా.”

అంతకంటే చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ ఉండదు. చాలా ఇళ్లలో ఈ సంభాషణ జరగదు కూడా. అమ్మది పూజ, కూతురిది ధ్యానం అని రెండు గదుల్లో రెండు పేర్లతో సాగిపోతుంటాయి.

అలవాటుగా మారడానికి కూడా అమ్మ పద్ధతే పనికొస్తుంది. దీపం పెట్టాక మాల, మాల అయ్యాక కాఫీ. ఒక పనికి ఇంకో పని ముడిపడి ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కూడా ల్యాప్‌టాప్ తెరవడానికి ముందో, పిల్లలను స్కూలు బస్సు ఎక్కించి వచ్చాకో, ఏదో ఒకదానికి ముడివేసుకుంటే గుర్తుపెట్టుకోవాల్సిన పని తప్పుతుంది. లండన్‌లో 96 మంది మీద చేసిన ఓ అధ్యయనంలో కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజుల్లోనే పట్టుబడితే, కొందరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినందువల్ల పెద్ద తేడా ఏమీ రాలేదని కూడా అందులో తేలింది. యాప్‌లోని సున్నా చూసి బెంబేలు పడేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవచ్చు.

ఖాజాగూడ గుట్ట మీద

హైటెక్ సిటీలో ధ్యానమా అని నవ్వేవాళ్లు ఓసారి ఖాజాగూడ వెళ్లాలి. రాయదుర్గం దాటి నానక్‌రామ్‌గూడ వైపు వెళ్తుంటే, ఆకాశాన్ని అంటే భవనాల మధ్య ఇంకా మిగిలి ఉన్న గుట్టలు కనిపిస్తాయి. ఫక్రుద్దీన్ గుట్ట అని కూడా అంటారు. ఆదివారం పొద్దున వెళ్తే తాళ్లు కట్టుకుని బండలెక్కే కుర్రాళ్లు కనిపిస్తారు. కింద బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా ఉంది. బహమనీ రాజ్యం స్థాపించిన అల్లావుద్దీన్ బహమన్ షాకు ఆయన గురువని చెబుతారు. ఆ పక్కనే రాళ్లను ఆనుకుని అనంత పద్మనాభస్వామి గుడి. గుట్టలో ఓ గుహ ఉంది. మెహెర్‌బాబా 1951లో హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఆ గుహలో ధ్యానంలో గడిపారని ఆయన భక్తుల నమ్మకం.

ఒక సూఫీ, ఒక స్వామి, ఒక మౌనముని. మాట్లాడకుండా కూర్చోవడానికి ముగ్గురికీ ఇదే గుట్ట దొరికింది. అప్పటికి ఇక్కడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ లేదు, ఔటర్ రింగు రోడ్డు లేదు. ఇప్పుడు పైకెక్కి కూర్చుంటే నాలుగు దిక్కులా క్రేన్లు, కాంక్రీటు మిక్సర్ల హోరు. ‘ఇంత గోలలో ఎలా?’ అనిపిస్తుంది. పూర్తి నిశ్శబ్దం కోసం చూస్తే ఈ ఊళ్లో ఎప్పటికీ మొదలుపెట్టలేం. చప్పుడుతో తగవు పెట్టుకోకుండా దాన్నే వినడం ఒక పద్ధతి. దూరంగా హారన్, దగ్గరగా పిట్ట, ఎక్కడో డ్రిల్లింగు. చప్పుడు వస్తుంది, ఉంటుంది, పోతుంది. అది ఎవరి బండి, ఎందుకు కొడుతున్నాడన్న విచారణ మొదలైనప్పుడే ఇబ్బంది. ఆ విచారణ ఆపి మళ్లీ వినడమే. పట్టుబడితే రాయదుర్గం మెట్రోలో నిలబడి కూడా అయిదు నిమిషాలు గడిపేయొచ్చు. బండి నడుపుతూ మాత్రం వద్దు!

గుట్టల్ని తొలిచేయడం మాత్రం ఆగలేదు. రాళ్లను కాపాడాలని 1996 నుంచీ ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ లాంటి సంఘాలు మొత్తుకుంటూనే ఉన్నాయి. మనశ్శాంతి కోసం వారాంతాల్లో వందల కిలోమీటర్లు కారులో వెళ్లే ఊళ్లో, ఇంటి పక్కనున్న గుట్ట పిండి అవుతుంటే ఎవరికీ పట్టకపోవడం విచిత్రమే.

గుమాస్తాల గురువు

ఒంటరిగా కుదరక ఎవరైనా నేర్పితే బాగుండుననుకునేవాళ్లకు హైదరాబాద్‌లో కొదవ లేదు. దోమలగూడ రామకృష్ణ మఠంలో 2000 సంవత్సరం నుంచి వివేకానంద మానవ వికాస కేంద్రం నడుస్తోంది. ఉద్యోగులకూ విద్యార్థులకూ అక్కడ ధ్యానం తరగతులు ఉంటాయి. శ్రీశైలం దారిలో కడ్తాల్ దగ్గర మహేశ్వర మహా పిరమిడ్ ఉంది. 2022లో కన్నుమూసిన సుభాష్ పత్రి, పల్లెపల్లెకూ తీసుకెళ్లిన ఆనాపానసతి ధ్యానానికి అది కేంద్రం. వయసు ఎంతో అన్ని నిమిషాలు కూర్చోవాలన్నది వాళ్ల లెక్క. షాద్‌నగర్ దగ్గర చేగూరులోని కన్హా శాంతివనంలో, ఒకేసారి లక్షమంది కూర్చోగల ధ్యానమందిరం 2020 జనవరిలో ప్రారంభమైంది. ఒక్కోచోట ఒక్కో పద్ధతి. వారానికో చోటు మార్చేవాళ్లకు దేనిలోనూ కుదురు దొరకదు. ఏదో ఒకటి పట్టుకుని రెండు మూడు నెలలు చూడటమే మంచిది.

నాగార్జునసాగర్ రోడ్డులో ఉన్న ‘ధమ్మఖేత్త’ కథ ఐటీవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది. సత్యనారాయణ గోయెంకా మనదేశంలో విపశ్యన నేర్పడం మొదలుపెట్టాక వెలసిన తొలి కేంద్రాల్లో ఇదొకటి. 1976 నుంచీ ఉంది. పదిరోజుల శిబిరం. తెల్లవారుజామున నాలుగింటికి గంట, రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పేస్తారు. ఫోన్లు తీసుకుంటారు. తోటివాళ్లతో మాటలుండవు, పుస్తకాలుండవు. ఫీజు కూడా ఉండదు. తొలి మూడు రోజులూ ముక్కు దగ్గర వచ్చేపోయే గాలిని గమనించడం తప్ప ఇంకో పనే లేదు. నాలుగో రోజు నుంచి గంటసేపు కదలకుండా కూర్చోవడం అలవాటు చేస్తారు. రెండో రోజో, ఆరో రోజో సంచి సర్దుకుని వెళ్లిపోదామనిపిస్తుందని వెళ్లొచ్చినవాళ్లు నవ్వుతూ చెబుతుంటారు.

గోయెంకా సన్యాసి కాదు. బర్మాలో స్థిరపడ్డ మార్వాడీ వ్యాపారి. తగ్గని పార్శ్వపు నొప్పితో విసిగిపోయి 1955లో ధ్యానం వైపు వెళ్లారు. ఆయనకు నేర్పిన సయాజీ ఊ బా ఖిన్ కూడా సన్యాసి కాదు. ప్రభుత్వోద్యోగి. గుమాస్తాగా చేరి, బర్మాకు స్వాతంత్ర్యం వచ్చిన 1948లో అకౌంటెంట్ జనరల్ అయ్యారు. ఫైళ్లు, లెక్కలు, పైఅధికారుల ఒత్తిళ్లు అన్నీ ఉన్న కుర్చీ అది. ఆయన ఆఫీసు సిబ్బందికే ధ్యానం నేర్పారు. 1952లో రంగూన్‌లో కేంద్రం పెట్టినా ఉద్యోగం మానలేదు. సంసారం, కొలువు ఉన్నవాళ్లు ధ్యానం ఏం చేస్తారన్న ప్రశ్నకు ఈ ఇద్దరి జీవితాలే సమాధానం.

అయితే ఏనాడూ పది నిమిషాలు కూర్చోని మనిషి ఏకంగా పదిరోజులకు దరఖాస్తు పెట్టడం తొందరపాటే. ముందు ఇంట్లో కొన్నాళ్లు కూర్చుని చూడాలి.

ఏది తీరదో కూడా తెలియాలి

గూగుల్ 2007లోనే అమెరికాలో తన ఉద్యోగులకు ధ్యానం కోర్సు పెట్టింది. ఆ గాలి మన టెక్ పార్కులకూ తగిలింది. కొన్ని ఆఫీసుల్లో జిమ్ పక్కన ధ్యానం గది కూడా ఉంటోంది. మంచిదే. కానీ పన్నెండు గంటలు పనిచేయించి, పావుగంట కళ్లు మూసుకోమంటే అది న్యాయం కాదు. పదకొండింటికి పెట్టిన మీటింగును ఎనిమిదింటికి జరిపితే వచ్చే ప్రశాంతత ఏ గురువూ ఇవ్వలేడు. నిద్ర, జీతం, సెలవు... వీటి సంగతి మేనేజర్లతో తేల్చుకోవాల్సిందే గానీ శ్వాసతో కాదు.

ధ్యానం వల్ల ఏం ఒరుగుతుందన్న దానికి కూడా లెక్క ఉంది. 47 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 3,515 మంది ఫలితాలను కలిపి చూసిన ఓ సమీక్ష 2014లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. ఆందోళన, దిగులు, నొప్పి కొంతమేర తగ్గుతాయని చెప్పింది. వ్యాయామం కంటేనో, మందుల కంటేనో ఎక్కువ మేలు చేస్తుందనడానికి మాత్రం ఆధారం దొరకలేదంది. అద్భుతాలు అమ్మేవాళ్లు ఈ రెండో మాట చెప్పరు.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. కొందరికి కళ్లు మూసుకోగానే గుండె దడ మొదలవుతుంది. మరిచిపోయామనుకున్న పాత భయాలు పైకి లేస్తాయి. అలాంటప్పుడు ‘ఇంకాస్త గట్టిగా కూర్చుంటే పోతుంది’ అనుకోకూడదు. కళ్లు తెరవాలి, లేవాలి, నలుగురిలోకి వెళ్లాలి. వారాల తరబడి దిగులు వదలకపోయినా, బతుకు మీదే విసుగు పుడుతున్నా ధ్యానం కంటే ముందు మానసిక వైద్యులను కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీమానస్ 14416 నంబరుకు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు. వాడుతున్న మందులను ధ్యానం మొదలుపెట్టామని మానేయడం ప్రమాదం.

దుర్గం చెరువు గట్టున ఇప్పుడు బాగా తెల్లవారింది. బాతులు నీళ్లలోకి దిగాయి. వంతెన మీద ట్రాఫిక్ చిక్కబడింది. బెంచీ మీది అమ్మాయి లేవబోయి ఆగింది. ఫోనును ఒళ్లోంచి తీసి బ్యాగులో, నీళ్ల సీసా కింద పెట్టి జిప్పు లాగింది. మళ్లీ కళ్లు మూసుకుంది.

ఒకటి... రెండు... మూడు... రాత్రి అమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేదు కదా. ఎత్తి ఉండాల్సింది. సరే.

ఒకటి...